డబ్బు కట్టందే ఏమీ దొరకవన్న మాట నిజం కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పరిశోధన వ్యాసాలు డబ్బు కట్టందే తెరుచుకోవట. తెలుగులో పిల్లల స్థాయికి తగ్గ పుస్తకాలే లేవట. అయినా ఏ తరగతికి ఆ తరగతి వాచకం చాలట. మూడూ తప్పే.

డబ్బు అడిగే జర్నల్స్ ఉన్నాయి, కాదనను. కానీ అమెరికా విద్యాశాఖ నడిపే ఎరిక్ డేటాబేస్‌లో 1960ల నుంచి చదువు మీద వచ్చిన వ్యాసాల వివరాలున్నాయి. లాగిన్ కూడా అక్కర్లేదు. చాలామంది సారాంశాలు మాత్రమే చూసి విసుగొచ్చి మూసేస్తారు. అక్కడున్న ‘ఫుల్ టెక్స్ట్’ గడిలో టిక్ పెడితే పూర్తిగా చదవగలిగినవే మిగులుతాయి. వెతికే మాట మాత్రం ఇంగ్లిష్‌లో ఇవ్వాలి: ‘రీడింగ్ డిఫికల్టీస్’ లాంటిది. మన దేశపు థీసిస్‌లకైతే శోధ్‌గంగ అనే వెబ్‌సైటు ఉంది, అదీ ఉచితమే.

తెలుగు పుస్తకాల సంగతికొస్తే, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు చూడండి. కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మొదటి స్థాయి కథలో 250 మాటలు దాటవు. కొన్ని కథలు తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతాయి. మనలాంటి చోట ఇంతకంటే ఏం కావాలి?

నాకు కోపం తెప్పించింది మూడో మాట. మా బడిలో నాలుగో తరగతి పాప ఒకతి ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. వాచకంలో ‘ప్రయాణం’ దగ్గర ఆగిపోయింది. ‘ప’ అంది, క్రావడి మీద వేలు పెట్టి నా ముఖం చూసింది. ఆ పేజీ ఆ రోజుకి అక్కడే ఆగింది. మర్నాడు ఒత్తులు పెద్దగా లేని మొదటి స్థాయి కథ ప్రింట్ తీసి ఇచ్చాను. వేలు ఎత్తకుండా చివరిదాకా చదివింది, చదివి మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది. తరగతి నంబరు ఒకటి, చదివే స్థాయి ఇంకొకటి.

ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు టీచరుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు తయారు చేశారు. అప్పట్లో ఆయన ఒక్కో మాటా పోగుచేసుకోవాల్సి వచ్చింది. మనకు ఫోన్‌లో పది నిమిషాల పని. సిగ్నల్ అందని ఊళ్లో పనిచేసేవాళ్లు టౌనుకొచ్చినప్పుడే పీడీఎఫ్‌లు దించుకోండి. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే దాని కిందే ఈ పేర్లు పెట్టండి.