భయం తగ్గించే ప్రతిదీ చికిత్స కాదు

ఆందోళన రుగ్మతతో బాధపడుతున్న మనిషికి చుట్టూ ఉన్నవారు ఇచ్చే సలహాలు సాధారణంగా రెండే. "ధైర్యంగా ఉండు, అంతా నీ మనసులోనే ఉంది" అనేది ఒకటి. "అంత ఇబ్బందిగా ఉంటే వెళ్లడం మానెయ్" అనేది మరొకటి. మొదటిది కఠినంగానూ రెండవది ప్రేమగానూ వినిపిస్తాయి. అయితే దీర్ఘకాలంలో ఎక్కువ నష్టం చేసేది ఆ ప్రేమగల సలహాయేనని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే అసలు ఈ రుగ్మత ఎలా నిలదొక్కుకుంటుందో కొంత వివరంగా రాయాలి.

భయం దానంతట అది రోగం కాదు. ఇంటర్వ్యూకు ముందు అరచేతులు చెమర్చడం, బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా నిద్ర పట్టకపోవడం, అప్పు తీర్చాల్సిన గడువు దగ్గరపడే కొద్దీ తిండి సహించకపోవడం ఎవరికైనా సహజం. ఉన్న ప్రమాదానికి ఏమాత్రం పొంతన లేనంత భయం నెలల తరబడి వదలకుండా చదువునూ ఉద్యోగాన్నీ సంబంధాలనూ దెబ్బతీస్తున్నప్పుడే వైద్యులు దానిని రుగ్మతగా పరిగణిస్తారు. ఉదాహరణకు, ఒకదాని తరువాత ఒకటిగా అన్ని విషయాల మీదకూ చింత పాకే రకాన్ని నిర్ధారించాలంటే అది కనీసం 6 నెలలుగా, ఎక్కువ రోజులు ఉండాలని, దానితోపాటు నిద్రలేమి, కండరాల బిగువు, త్వరగా అలసిపోవడం, చిరాకు వంటి లక్షణాల్లో కొన్ని కనిపించాలని ప్రమాణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 35.9 కోట్ల మంది ఏదో ఒక ఆందోళన రుగ్మతతో జీవిస్తున్నారు. మానసిక రుగ్మతలన్నింటిలో ఎక్కువమందికి ఉన్నవి ఇవే. మంచి చికిత్సలు ఉండి కూడా, అవసరమైనవారిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది దాదాపు నలుగురిలో ఒకరికి మాత్రమే.

వీటిలో రకాలున్నాయన్న సంగతి కూడా పెద్ద పాతదేమీ కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో వెలువరించిన నిర్ధారణ గ్రంథంలోనే హఠాత్తుగా భయపు దాడులు వచ్చే పానిక్ రుగ్మత, పైన చెప్పిన అన్నింటి మీదకూ చింత పాకే సాధారణీకృత ఆందోళన రుగ్మత వేర్వేరుగా నిలిచాయి. అంతకుముందు రెంటినీ ఒకే గాటన కట్టేవారు. ఆ విభజనకు దారి తీసిన పరిశీలన ఆసక్తికరమైనది. 1960ల తొలినాళ్లలో డోనాల్డ్ క్లైన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే మందు ఇచ్చిన రోగులకు హఠాత్తుగా వచ్చే భయపు దాడులు ఆగిపోయాయి. "మళ్లీ వస్తుందేమో" అన్న భయం మాత్రం వారిలో అలాగే మిగిలింది. దాడి ఆగిపోయాక కూడా బయటికి అడుగు పెట్టలేకపోయిన ఆ రోగుల దగ్గరే ఈ రుగ్మత కీలకం ఉందని నేననుకుంటాను.

పానిక్ దాడి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. లిఫ్టులో నిలబడి ఉన్న మనిషికి గుండె ఒక్కసారిగా వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. గాలి చాలడం లేదనిపించి గబగబా ఊపిరి పీలుస్తాడు. అలా అవసరానికి మించి పీల్చినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల వేళ్ల చివర్లూ పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, చుట్టూ ఉన్నవన్నీ నిజం కావేమోనన్నంత వింతగా తోస్తాయి. ఈ తిమ్మిరి పక్షవాతానికీ ఆ ఛాతీ బిగువు గుండెపోటుకూ సూచనలని అతడు అర్థం చేసుకుంటాడు. ఆ అర్థమే భయాన్ని ఇంకాస్త పెంచుతుంది. పెరిగిన భయం మరింత అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది, దానితో గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది. శరీరంలోని మామూలు మార్పులను ముంచుకొచ్చిన ఆపదగా అపార్థం చేసుకోవడమే ఈ విషవలయానికి ఇరుసు అని 1986లో డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించాడు. కొద్ది నిమిషాల్లోనే దాడి తారస్థాయికి చేరి, ఎవరేం చేసినా చేయకపోయినా దానంతట అది తగ్గుముఖం పడుతుంది. అనుభవిస్తున్నవారికి ఆ సంగతి తెలియదు. తెలిసినా ఆ క్షణంలో నమ్మబుద్ధి కాదు.

తరువాతి ఘట్టం చాలామందికి తెలిసిందే. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగు తీస్తారు, ఈసీజీ తీస్తారు, రిపోర్టు మామూలుగా ఉంటుంది. డ్యూటీ డాక్టరు "ఏమీ లేదు, టెన్షన్ అంతే, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి" అంటారు. నాకు అన్నింటికంటే కోపం తెప్పించే మాట ఈ "ఏమీ లేదు". పేరూ ప్రమాణాలూ చికిత్సా ఉన్న ఒక స్థితిని పట్టుకుని ఏమీ లేదనడం వైద్యపరంగానే తప్పు. చావు అంచుల దాకా వెళ్లొచ్చానని అనుకుంటున్న మనిషి ఆ మాటతో "వీళ్లకు నా జబ్బు అంతుపట్టలేదు" అన్న నిర్ణయానికి వచ్చి మరో ఆసుపత్రి వెతుక్కుంటాడు. మొదటిసారి పరీక్షలు చేయించడం అవసరమే, ఎందుకంటే థైరాయిడ్ అతిగా పనిచేయడం, గుండె లయ తప్పడం, రక్తహీనత, కెఫీన్ మితిమీరడం, కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లు, మద్యం హఠాత్తుగా మానేయడం వంటివి కూడా ఇలాంటి లక్షణాలనే తెస్తాయి. కొత్త లక్షణమేదీ లేకుండా తీయించే పదో ఈసీజీకి మాత్రం ఆ సమర్థన లేదు. అది రుగ్మతలో భాగమే.

ఎందుకంటే ఈ రుగ్మతను బతికించేది తక్షణ ఉపశమనం. లిఫ్టు వదిలి మెట్లెక్కిన మనిషికి ఆ క్షణంలోనే హాయిగా ఉంటుంది. ఆ హాయి ఒక బహుమతిలా పనిచేసి, రేపు మళ్లీ మెట్లే ఎక్కిస్తుంది. లిఫ్టులో ఉన్నా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం ఇక అతడికి ఎప్పటికీ రాదు. పైకి కనిపించే ఎగవేతలైతే కనీసం ఇంట్లోవారు గుర్తుపట్టగలరు. సన్నవి ఎవరి కంటా పడవు. నలుగురిలో ఉన్నప్పుడు తలుపు దగ్గరి కుర్చీనే ఎంచుకోవడం, మంచినీళ్ల సీసా లేకుండా గడప దాటకపోవడం, మీటింగులో కూర్చుని బల్ల కింద రెండు వేళ్లతో నాడి చూసుకుంటూ ఉండటం, చేతి గడియారంలో గుండె వేగం అంకెను నిమిషానికోసారి చూడటం ఈ కోవలోవే. ఆ రోజు ఏ కీడూ జరగకపోతే ఆ ఘనత మొత్తం సీసాకో గడియారానికో దక్కుతుంది. తన శరీరం తనంతట తానే సర్దుకుందన్న సత్యం మరుగున పడిపోతుంది.

కుటుంబం ఇందులో తెలియకుండానే పాలుపంచుకుంటుంది. "నాకేం కాదు కదా?" అని అడిగితే "ఏం కాదు" అంటారు. గంటకే మళ్లీ అడిగితే మళ్లీ అంటారు. ఫోన్లు వాళ్లే చేసిపెడతారు, పెళ్లిళ్లకు రాలేకపోవడానికి రోగి తరఫున అబద్ధాలు చెబుతారు, పిల్లవాడు బడికి వెళ్లలేనని ఏడిస్తే ఈ ఒక్కరోజుకే అంటూ ఇంట్లో ఉంచేస్తారు. వారిని నిందించాలని ఇది రాయడం లేదు. కళ్లెదుట మనిషి వణికిపోతుంటే చేయి అందించకుండా ఎవరుండగలరు? అయినా ఆ చేయూత ఉప్పునీళ్లతో దాహం తీర్చడం లాంటిది, తాగిన కొద్దీ దప్పిక పెరుగుతుంది.

ఈ లెక్కన చికిత్స ఎటువైపు సాగాలో ఊహించవచ్చు. భయపడే దానికి క్రమంగా, పదేపదే, తప్పించుకోకుండా ఎదురు నిలవడమే, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో నాకు ప్రాణప్రదంగా కనిపించే భాగం. ఇదేమీ నిన్నమొన్నటి పద్ధతి కాదు. మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త 1924లోనే కుందేలంటే భయపడే ఒక చిన్నపిల్లవాడి దగ్గరికి, వాడు ఇష్టమైనది తింటున్న సమయంలో, కుందేలును కొద్దికొద్దిగా చేరుస్తూ ఆ భయాన్ని పోగొట్టింది. 1950లలో జోసెఫ్ వోల్ప్ అనే మానసిక వైద్యుడు దీన్ని ఒక క్రమపద్ధతిలోకి తెచ్చాడు. ఇప్పుడు పానిక్ రుగ్మతకు జరిగే సెషన్ చూస్తే కొత్తవారికి ఆశ్చర్యం కలుగుతుంది. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పుతారు, సన్నని స్ట్రా ఒక్కదానితో ఊపిరి పీల్చమంటారు, ఉన్నచోటే పరుగెత్తించి గుండె దడ తెప్పిస్తారు. రోగి ఏ అనుభూతులను చూసి పారిపోతున్నాడో వాటినే కావాలని పుట్టించి, వాటిని తగ్గించే ప్రయత్నమేదీ చేయకుండా అలాగే ఉండమంటారు. మొదలుపెట్టే ముందు "ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగి రాసుకుంటారు. "స్పృహ తప్పుతుంది" అని రోగి అంటాడు. స్పృహ తప్పదు. ఆ తేడాను రోగి స్వయంగా చూడటంలోనే అసలు పని జరుగుతుంది. పాత భయం చెరిగిపోదనీ, దాని పక్కనే దానికి పోటీగా కొత్త జ్ఞాపకమొకటి బలపడుతుందనీ ఈ రంగంలోని పరిశోధకులు ఇప్పుడు భావిస్తున్నారు. అందుకే ఒకేచోట కాకుండా వేర్వేరు స్థలాల్లో, వేర్వేరు వేళల్లో సాధన చేయిస్తారు. రక్తం, సూది చూస్తే భయపడేవారి విషయం మాత్రం వేరు. వారిలో రక్తపోటు నిజంగానే పడిపోయి స్పృహ తప్పవచ్చు కాబట్టి కాళ్లూ చేతులూ బిగించి రక్తపోటును నిలబెట్టుకునే మెళకువను ముందుగా నేర్పుతారు.

దీర్ఘశ్వాస వ్యాయామాల మీద నాకు వ్యతిరేకత లేదు, అవి కొందరికి నిజంగానే ఉపయోగపడతాయి. పానిక్ వచ్చిన ప్రతిసారీ దాన్ని తరిమికొట్టే మంత్రంలా వాడినప్పుడు మాత్రం అవి కూడా మంచినీళ్ల సీసా జాబితాలోనే చేరతాయి.

ఇక మందుల విషయానికి వస్తే, నా వాదన మందులకు వ్యతిరేకమని దయచేసి అనుకోవద్దు. అన్ని మందులనూ కలిపి "నిద్రమాత్రలు, అలవాటు పడిపోతారు" అని కొట్టిపారేసేవారు కనీసం రెండు రకాల మధ్య తేడా తెలుసుకోవాలి. కుంగుబాటుకు కూడా వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు మొదటి రకం. ఇవి వేసుకున్న గంటకే ఏ హాయినీ ఇవ్వవు. ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, తొలి రోజుల్లో వికారం, చికాకు, ఒక్కోసారి ఆందోళన పెరగడం కూడా ఉంటుంది కాబట్టి తక్కువ డోసుతో మొదలుపెడతారు. కొందరిలో లైంగిక ఆసక్తి తగ్గుతుంది, ఆ సంగతి సిగ్గుపడకుండా వైద్యునికి చెప్పాలి. 25 ఏళ్ల లోపువారిలో ఆరంభంలో ఆత్మహత్య ఆలోచనలేమైనా వస్తున్నాయేమోనని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలి. బాగైన తరువాత కూడా 6 నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, ఆపైన వైద్యుల సలహాతో నెమ్మదిగా తగ్గించడం ఆనవాయితీ. రెండు వారాలు వాడి "పని చేయలేదు" అని ఆపేసినవారు ఆ మందును నిజానికి పరీక్షించనే లేదు.

అల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి బెంజోడయజెపైన్లు, అంటే మనసును త్వరగా శాంతపరిచే మందులు, రెండో రకం. వీటిలో ఒకటైన డయజెపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి వీటికి ఉన్న ఆకర్షణంతా త్వరగా పనిచేయడమే. వాటి ప్రమాదం కూడా అక్కడే ఉంది. తీవ్రమైన దశలో, తక్కువ రోజులకు, వైద్యుని కనుసన్నల్లో వాడితే వీటికి స్థానం లేకపోలేదు. నెలల తరబడి వాడితే శరీరం వాటి మీద ఆధారపడుతుంది, హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు కూడా రావచ్చు, మద్యంతో కలిస్తే శ్వాసకే ముప్పు. దుర్వినియోగం, ఆధారపడటం గురించి ఈ మందులన్నింటి మీద తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఆదేశించింది. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది వేసుకోని మాత్ర. ఏడాదిగా ఒక్కటీ మింగకపోయినా పర్సులో ఆ పట్టీ లేనిదే ఇల్లు కదలనివారున్నారు. రసాయనం ఒంట్లోకి వెళ్లకుండానే ఆ మాత్ర తన పని తాను చేసుకుపోతోంది.

వీటన్నిటి తరువాత కూడా మంచి థెరపిస్టు దొరకడం సులభం కాదని నాకు తెలుసు. ఆ పేరుతో జరిగేదంతా ఒకటి కాదు కూడా. వారానికో గంట బాధలు చెప్పుకుని తేలికపడి రావడానికి దాని విలువ దానికుంది, కానీ పానిక్‌కో సామాజిక భయానికో అది చాలదు. అందుకే మొదటి ఒకటి రెండు సెషన్లలోనే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నా సమస్య ఎందుకు కొనసాగుతోందని మీరు అనుకుంటున్నారు? సెషన్‌కూ సెషన్‌కూ మధ్య నేను సాధన చేయాల్సింది ఏమిటి? మెరుగవుతున్నానో లేదో దేన్నిబట్టి కొలుస్తాం? మా ఇంట్లోవాళ్లు ఏం చేయడం మానాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు వీలైతే ఇంట్లోవారిని కూడా పక్కనే కూర్చోబెట్టుకోవాలి. "నాకేం కాదు కదా?" అన్న ప్రశ్నకు ఇకమీదట "నీకు భయంగా ఉందని తెలుస్తోంది, దీనికి జవాబు చెప్పకూడదని మనం ముందే అనుకున్నాం కదా" అని మెత్తగా అనాల్సింది వాళ్లే. రోగికి చెప్పకుండా ఒక్కరోజులో అలా మొదలుపెడితే అది క్రూరత్వంగానే తోస్తుంది. రోగి, ఇంట్లోవారు, థెరపిస్టు ముగ్గురూ కలిసి ముందే ఒప్పుకున్నప్పుడు అది చికిత్సలో భాగమవుతుంది.