పసుపుపచ్చ ప్రశ్నార్థకం

మీసేవలో తీసుకున్న మా అబ్బాయి ఆదాయ ధ్రువపత్రం చూసి గుమస్తాగారు పెదవి విరిచారు. “సంతకమేదండీ?”

డిజిటల్ సంతకమండీ, చేతి సంతకం అక్కర్లేదని కిందే రాసుంది, చూడండి అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, సంతకం చోట అచ్చుపడిన పసుపుపచ్చ ప్రశ్నార్థకం మీద వేలు పెట్టారు. “మరిదేంటి? ఇచ్చినవాళ్లకే డౌటుంటే నాకుండదా?”

ప్రింటు తీసిన కంప్యూటర్ ఆ సంతకాన్ని సరిచూడలేకపోయిందని తప్ప ఆ గుర్తుకి వేరే అర్థం లేదు. చెబితే ఇంకో కాగితం అడుగుతారేమోనని ఊరుకున్నాను. డిజిటల్ సంతకం చెల్లుతుందని ఐటీ చట్టం 2000లోనే చెప్పింది. ఆ ఏడాది పుట్టినవాళ్లు పిల్లల్ని కూడా కన్నారు. చట్టం మాత్రం ఇంకా ఈ కౌంటరు దాకా రాలేదు. 2011లో మీసేవ పెట్టినప్పుడు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పిందని సంబరపడ్డ అమాయకుల్లో నేనూ ఒకణ్ణి.

“గెజిటెడ్ సంతకం పెట్టించుకు రండి.”

పెట్టించాను. ఆ అధికారి నా మొహం చూడలేదు, కాగితమూ చూడలేదు. ఫోన్లో మాట్లాడుతూనే ఆకుపచ్చ ఇంకుతో సరిగ్గా ప్రశ్నార్థకం పక్కన గీకి, స్టాంపు గుద్దారు. గుమస్తాగారి మొహం వెలిగింది. “ఇప్పుడు బావుంది. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేయండి. 200 కేబీ దాటకూడదు.”

ఆన్‌లైన్‌లో పుట్టిన కాగితం కదా, పుట్టింటికి పంపాలి. నెట్ సెంటర్ కుర్రాడు సైజు తగ్గించి తగ్గించి పెట్టాడు. ఆకుపచ్చ సంతకం అలుక్కుపోయింది. ప్రశ్నార్థకం నిక్షేపంగా ఉంది. అప్లికేషన్ ఓకే అయింది!

నాకైతే ఒక వ్యాసం దొరికింది. లైన్లో నా వెనకున్నావిడకు పోయింది మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు. కూతురి స్కాలర్‌షిప్ కోసం అదే కాగితం పట్టుకుని మూడోసారి వచ్చింది. దాని మీద నంబరుంది. మీసేవ సైటులో కొడితే అసలుదో నకిలీదో అర నిమిషంలో తేలిపోతుంది. కౌంటర్లో కంప్యూటరూ ఉంది, నెట్టూ ఉంది. ఒక సర్కారీ ఆఫీసు ఇచ్చిన కాగితాన్ని ఇంకో సర్కారీ ఆఫీసు నమ్మకపోతే వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి గానీ, మధ్యలో ఈ తల్లిని ఎండలో తిప్పడమేంటి? ఆ నాలుగు అంకెలు కొట్టడానికి వేళ్లు పడిపోయాయా? సిగ్గనిపించదా?

నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి గుమస్తాగారి గొంతు వినపడింది.

“ఇది ప్రింటు కదమ్మా, ఒరిజినలేదీ?”