వెనక్కి రండి, డ్రోన్ లేవలేదు

మొన్న ఆదివారం కడపలో ఒక పరుగు రెండుసార్లు మొదలైంది. దారి తప్పి కాదు, ఎవరో పడిపోయి కాదు. మొదటిసారి జెండా ఊపినప్పుడు డ్రోన్ పైకి లేవలేదు. అందుకని భక్తి, ఆరోగ్యం, పర్యావరణం మూడింటినీ ఒకే టీషర్టులో తొడుక్కొని ముందుకు ఉరికిన కొన్ని వందల మందిని మైకులో వెనక్కి పిలిచారు. "దయచేసి అందరూ స్టార్టింగ్ పాయింట్‌కు వచ్చేయండి, పెద్దాయన మళ్ళీ జెండా ఊపుతారు" అని. రాయలసీమలో చాలా చూశాం. రీటేక్ తీసుకున్న భక్తిని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఈ పరుగు గొప్పతనం తెలియాలంటే ముందు ఆ కుటుంబం గురించి చెప్పాలి. ఏ కుటుంబం అంటారా? మీకు తెలిసిందే, మీ అపార్ట్‌మెంటులోనే మూడో అంతస్తులో ఉంటుంది. ఆయన, ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఒక జేజి, అంటే అవ్వ. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంటాడు, ఆవిడ బ్యాంకులో ఉంటుంది, పిల్లలు ట్యూషన్‌లో ఉంటారు, జేజి వంటింట్లో ఉంటుంది. శని ఆదివారాలు అందరూ కలిసి ఫోన్‌లో ఉంటారు. దీన్ని ఫ్యామిలీ టైం అంటారట.

శనివారం పొద్దున దేవుని కడప. తిరుమలకు తొలి గడప అని పేరున్న గుడి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని ఉగాది నాడు ముస్లింలు కొబ్బరికాయ పట్టుకొని వచ్చే గుడి. పండగపూట అల్లుణ్ణి చూసిపోదామని వస్తారు వాళ్లు. మనవాళ్లు మాత్రం ఎర్రటి పట్టుచీర, అదే ఎర్ర చొక్కా, అదే ఎర్ర లంగా, అదే ఎర్రంచు పంచెతో వచ్చారు. అయిదేళ్లవాడి పంచె మాటిమాటికీ జారుతోంది. వాడు ఒక చేత్తో దాన్ని పట్టుకొని, ఇంకో చేత్తో దండం పెట్టాలి.

"కదలొద్దు నాన్నా, స్వామి వైపు చూడు."

"స్వామి యాడున్నాడు మమ్మీ?"

"డాడీ ఫోన్ వైపు చూడరా!"

జేజి చీర రంగు కలవలేదు. కాబట్టి ఆమె అందరి చెప్పులూ, సంచీ కాపలా కాస్తూ పక్కన నిలబడింది. ఈ జేజి ఒకప్పుడు రాజంపేట, కోడూరు మీదుగా నడిచి, మామండూరు అడవి దారిన కొండెక్కిన మనిషి. కాళ్లు బొబ్బలెక్కితే ఆముదం రాసుకొని నడిచారట. ఆ యాత్రకు టీషర్టు లేదు, ఫోటో లేదు, కాబట్టి జరిగిందనడానికి ఇంట్లో ఎవరి దగ్గరా ఆధారం లేదు.

సాయంత్రం ఒంటిమిట్ట. కోదండరాముడు, సీతమ్మ, లక్ష్మణుడు ఒకే శిలలో ఉంటారని, అందుకే ఏకశిలానగరమని, గర్భగుడిలో హనుమంతుడు ఉండడని ఆయన పిల్లలకు ఫోన్‌లో చూసి చదివి వినిపించాడు. నిజమే, ఆయనకు బయట సంజీవరాయుడని వేరే గుడి ఉంది. నాకు అప్పుడు అర్థమైంది. ఆ నలుగురిలో పరుగు వచ్చింది ఒక్కడికి. ఆ ఒక్కడే ఫోటోలో లేడు.

ఇక ఆదివారం. టికెట్టు మనిషికి నాలుగు వందలకు ఒక్క రూపాయి తక్కువ. అందులో టీషర్టు, మెడల్, సర్టిఫికెట్, టిఫిన్. టీషర్టు ముందు వైపు దేవుడు, కింద "మన బుగ్గవంకను కాపాడుకుందాం" అన్న పిలుపు. బుగ్గవంక అంటే కడప ఊరి మధ్యలో పారే వాగు. వెనక వైపు వంకకు ఆనుకొని ప్లాట్లు అమ్ముతున్న ఒక వెంచర్ పేరు, ఫోన్ నంబరు. ముందు చదివినవాడు కాపాడొచ్చు, వెనక చదివినవాడు కొనుక్కోవచ్చు. ఎవరికీ అన్యాయం జరగలేదు.

అయిదున్నరకు పరుగన్నారు. అయిదున్నరకు జనం వచ్చారు. ఆరుకు జుంబా మొదలైంది. గోవింద నామాలకు డీజే బీటు కలిపి వదిలారు, జనం చేతులు పైకెత్తి ఊగారు. ఏడుకు ఎండ వచ్చింది. కడప ఎండ ముఖ్య అతిథి లాంటిది కాదు, చెప్పిన టైముకు వస్తుంది. హైదరాబాదు నుంచి దిగిన యాంకరమ్మ "కడపా, ఆర్ యూ రెడీ?" అని అరుస్తూనే ఉంది. కడప రెడీగానే ఉంది తల్లీ, రెడీగా ఉండి ఉండి చెట్టు కింద కూర్చుంది.

ఏడుంబావుకు పెద్దాయన దిగారు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు. తాను కూడా ప్రజల కోసం పరుగులు పెడుతూనే ఉన్నానన్నారు. ఆ పరుగు అయిదేళ్లకొకసారి మార్చి, ఏప్రిల్‌లో ఉంటుందని మనకు తెలుసు కాబట్టి చప్పట్లు కొట్టాం. జెండా ఊపారు. జనం కదిలారు.

అప్పుడే వెనక నుంచి డ్రోన్ పిల్లవాడి కేక. "సార్, ఆపండి! సిగ్నల్ పట్టలేదు!"

నిర్వాహకుల్లో ఒకాయన తల పట్టుకున్నాడు. పరుగు జరగకపోయినా ఫరవాలేదు, వీడియో రాకపోతే ఎట్లా? మైకు అందుకున్నాడు. వెనకున్నవాళ్లకు విని సంతోషం వేసింది, వాళ్లు ఇంకా గీత దాటలేదు. మధ్యలోవాళ్లు తిట్టుకుంటూ తిరిగారు. అసలు సమస్య ముందువాళ్లతో. నిజంగా పరుగెత్తడం వచ్చిన కుర్రాళ్లు పది, పన్నెండు మంది అప్పటికే మలుపు దాటి వంక వైపు పోయారు. వాళ్లను పట్టుకురావడానికి ఒక బుల్లెట్ బండిని పంపారు. పరుగు పందెంలో ముందున్నవాణ్ణి బండేసుకొని వెంటాడి, "రేయ్ అబ్బీ, వెనక్కి పదండ్రా" అని తోలుకురావడం ఒలింపిక్స్‌లో కూడా లేదు.

వాళ్లు తిరిగొచ్చేలోపు ఇంకో విచిత్రం. దారిలో సరదాగా కలిసిన పన్నెండేళ్ల పిల్లవాడొకడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు, మైకు వినపడనంత దూరం పోయి, సొంతంగా వంక దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మొదలుపెట్టిన గీత దగ్గరికి ఎదురొచ్చాడు. అంటే ఆ రోజు పరుగు పూర్తి చేసిన మొట్టమొదటి మనిషి. మొదలుకాకముందే పూర్తి చేశాడు. నిర్వాహకుడు వాణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"నీ చెస్ట్ నంబరేది?"

"లేదన్నా."

"అయితే పక్కకు జరుగు, ఫ్రేములో అడ్డం."

పెద్దాయన రెండోసారి జెండా ఎత్తారు. ఈసారి డ్రోన్ లేచింది. "సార్, కొంచెం నవ్వుతూ." నవ్వారు. "ఫ్యామిలీలన్నీ చేతులు పట్టుకొని ముందుకు." పట్టుకున్నారు. మన మూడో అంతస్తువాళ్లు మొదటి వరసలో ఉన్నారు. ఆయన తన స్మార్ట్ వాచీ విప్పి కొడుకు చేతికి కట్టాడు. వాడు ఎట్లాగూ ఒకచోట నిలబడడు కాబట్టి అడుగులు పెరుగుతాయని. ఆవిడ ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో ఒక నల్ల ప్లాస్టిక్ కవర్ని పట్టుకొని పరుగెత్తింది.

ఆ కవర్లో ఏముందో తెలుసుకోవాలని నేనూ నడిచాను.

వారం రోజుల పూజ పూలు, ఎండిన దండలు, అగరుబత్తి పుల్లలు, కుంకుమ పొట్లాలు, హారతి కర్పూరం డబ్బా. నిర్మాల్యం చెత్తబండిలో వేస్తే పాపం కదా. పారే నీళ్లలో కలపాలి. ఎట్లాగూ పరుగు వంక దాకా ఉంది, ఒక పనైపోతుంది. వంతెన మీద ఆవిడ ఒక్క క్షణం ఆగింది, కళ్లు మూసుకుంది, కవరుకు ముడి గట్టిగా బిగించింది, కింద వంకలోకి వదిలింది, కళ్లకు అద్దుకుంది. టీషర్టు మీద "మన బుగ్గవంకను కాపాడుకుందాం" అన్న అక్షరాలు చెమటకు తడిసి ఇంకా బాగా కనిపిస్తున్నాయి. ఆవిడ ఒక్కతే కాదు. ఆ వంతెన మీద ఆ పొద్దు కవర్లు వదిలినవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్ల బాటిళ్ల సంగతి అడక్కండి.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు.

ఈ వంక 2001లో ఊరి మీద పడింది, మనుషులను తీసుకుపోయింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు మళ్ళీ వచ్చింది. నాగరాజుపేట, గుర్రాలగడ్డ, రవీంద్రనగర్ వైపు ఇళ్లలోకి వచ్చింది మీ పవిత్ర గంగ కాదు, మనం ఏళ్ల తరబడి ముడి వేసి వదిలిన కవర్లు, మురుగు, బురద. మంచాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ అందులో నానాయి. మరుసటి ఏడాది నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడే, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేటలను తుడిచిపెట్టింది. మీరు ఒంటిమిట్టకు కారేసుకొని పోయిన రోడ్డే, ఇంకొంచెం ముందుకు పోతే ఆ ఊళ్లు. ఒక్క శనివారం అటు తిప్పారా బండి? నీళ్లకు దారి లేకుండా చేస్తే ఏమవుతుందో ఈ జిల్లాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. దేవుడి పువ్వు చెత్తబుట్టలో పడితే పాపమా? మరి ఆ పువ్వు కుళ్లి, వంక గట్టున ఇంట్లో పసిబిడ్డ పడుకున్న పక్కలోకి వస్తే అది పుణ్యమా? ఏ శాస్త్రంలో ఉంది? పూలు కుండీలో మట్టికింద వేస్తే స్వామికి కోపం వస్తుందని మీకెవరు చెప్పారు? ప్లాస్టిక్ కవర్లో ముడేసి వదిలితే ఆయన విప్పుకుంటాడా?

ఆ చెప్పులు లేని పిల్లవాడి ఇల్లు వంక గట్టునే. వాడికి వంక దాకా పరుగెత్తడం అలవాటు, ఇంటికి పోవడం అంటే అదే.

సరే. ఎనిమిదిన్నరకు టిఫిన్లు. ఉగ్గాని అయిపోయింది, ఇడ్లీ ఉంది. మన కుటుంబం వంతెన నుంచి ఆటోలో తిరిగొచ్చి మెడల్స్ వేసుకొంది. సాయంత్రానికి డ్రోన్ వీడియో వచ్చింది. పైనుంచి చూస్తే ఎర్ర టీషర్టుల ప్రవాహం, వెనక గోవింద నామాలు, చివర్లో వెంచర్ ఫోన్ నంబరు. కొడుకు ఫోన్ జేజి ముందు పెట్టాడట. ఆమె కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసి, "ఎవురు తరుముతాండారు రా అబ్బీ మీ అందర్నీ?" అని అడిగిందట.

సర్టిఫికెట్లో పేరు తప్పు పడినవాళ్లు ఆధార్ కార్డు జిరాక్సు, ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో తీసుకొని బుధవారం లోపు వస్తే మార్చి ఇస్తారట. పరుగెత్తనివాళ్లకు కూడా ఇస్తారా అని కనుక్కున్నాను. టీషర్టు చూపిస్తే చాలన్నారు.