లిబెరుమ్ వీటో గారికి, వార్సా నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ లిబెరుమ్ వీటో గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు, అంటే పోలండ్ పార్లమెంటులో ఒక్క ప్రతినిధి ‘ఒప్పుకోను’ అంటే చాలు సభంతా చెడిపోవాలన్న ఆ పాత హక్కు, 1791లోనే కాలం చేశారని చదివి నిజమేననుకున్నాను. మొన్న ఆదివారం మా వాట్సాప్ గ్రూపులో తమరి దర్శనమైంది.

వార్సాలో ఉన్న తెలుగువాళ్ళం ఉగాది చేసుకుందామనుకున్నాం. హాలు దొరికింది, అద్దె కుదిరింది, పులిహోర ఎవరు చేస్తారో, వేపపువ్వు ఎవరి సూట్‌కేసులో వస్తోందో కూడా తేలిపోయింది. డబ్బు ఖర్చయ్యే పని ఏదైనా అందరూ సరేనంటేనే చెయ్యాలని మా గ్రూపులో మొదట్నుంచీ ఒక రూలు. మధ్యాహ్నమంతా ‘సరే’లు, బొటనవేళ్ళు వస్తూనే ఉన్నాయి. సాయంత్రం ఒకాయన ‘నాకు ఓకే కాదు’ అని పెట్టాడు. ఎందుకండీ అంటే జవాబు లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఈలోపు హాలు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.

కారణం చెప్పక్కర్లేదు, చెడగొట్టాక కనపడక్కర్లేదు. ఈ పద్ధతికి పేటెంటు తమరిదే కదా. అందుకే ఆయన్ని వదిలేసి తమరికి రాస్తున్నాను.

1652 మార్చి, ఇదే ఊరు, రాజుగారి కోట. పోలండ్, లిథువేనియా కలిసి ఒకే రాజ్యంగా ఉన్న రోజులు. వాళ్ళ పార్లమెంటు పేరు సెయ్మ్. తూర్పున ఖ్మెల్నిత్‌స్కీ నడిపిన కొసాక్కుల తిరుగుబాటు నాలుగేళ్ళుగా మండుతోంది, సైన్యానికి జీతాలివ్వాలి, పన్నులు తేల్చాలి. ఆరు వారాల గడువు అయిపోయింది, ఇంకొంచెం పొడిగిద్దామన్నారు. ఉపితా అనే చిన్న ఊరి ప్రతినిధి సిచిన్‌స్కీ లేచి ఒప్పుకోనన్నాడు, బయటికి నడిచాడు. అంతే. ఆ ఒక్క మాటకి గడువు ఆగడమే కాదు, ఆరు వారాల్లో చేసినవన్నీ కొట్టుకుపోయాయి. సభలో చేసిన చట్టాలన్నీ కలిపి ఒకే కట్ట కింద లెక్క. కట్ట ముడి ఊడితే లోపలిదేదీ మిగలదు. సిచిన్‌స్కీ వెనక యానుష్ రద్జివిల్ అనే పెద్ద ప్రభువు ఉన్నాడు, ఆయనకి రాజుగారితో పడదు. సభ అధ్యక్షుడు ఫ్రెద్రో అయినా కూర్చోవయ్యా అని ఉంటే మీ కథ ఆ పూటే ముగిసేది. ఆయన అభ్యంతరం చెల్లుతుందన్నాడు. తర్వాతి రోజుల్లో మిమ్మల్ని సమర్థిస్తూ పుస్తకాల్లోనూ రాశాడు. జనం మాత్రం సిచిన్‌స్కీని క్షమించలేదు. పిడుగు పడి చచ్చాడని కథ కట్టారు, ఉపితాలో ఎండిపోయిన శవం ఒకటి చూపించి ఇదిగో వాడే అని చాలాకాలం చెప్పుకున్నారు. తమరికి పిడుగు తగల్లేదు, అదే విచారం.

అక్కణ్ణుంచి తమరి వైభవం చూడతరమా! 1652లో కనీసం గడువు దాటాక వచ్చారు. 1669లో గడువు ఉండగానే వచ్చారు. 1688లో గ్రోద్నోలో అధ్యక్షుణ్ణి ఎన్నుకోకముందే సభ లేచిపోయింది, అంటే కుర్చీలు వేసీ వెయ్యకముందే అన్నమాట. 1573 నుంచి 1763 దాకా జరిగిన సుమారు 150 సెయ్మ్‌లలో మూడోవంతు ఒక్క చట్టం కూడా చెయ్యకుండానే ముగిశాయి. మూడో ఆగస్టస్ రాజు ముప్పై ఏళ్ళు ఏలితే చట్టాలు చేసి ముగించిన సభ ఒక్కటంటే ఒక్కటి, 1736లో. ప్రజాప్రతినిధులు ఏమీ చెయ్యరని మనం ఇప్పుడు ఊరికే ఆడిపోసుకుంటాం. ఆ ముప్పై ఏళ్ళలో వాళ్ళు నిజంగానే ఏమీ చెయ్యలేదు.

రేటు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక దేశం పార్లమెంటుని ఆపాలంటే సగం మందిని కొనాలని లోకం అనుకుంటుంది. తమరి దయవల్ల ఒక్కణ్ణి కొంటే చాలు. ప్రష్యావాళ్ళకి, ఫ్రెంచివాళ్ళకి, రష్యావాళ్ళకి ఎంత ఖర్చు కలిసొచ్చిందో! 1744లో గ్రోద్నోలో ఒక ప్రతినిధి, సభని చెడగొట్టమని తనకిచ్చిన బంగారు నాణేలను అందరి ముందు పడేసి చూపించాడు. అయినా ఆ సభ కూడా ఏమీ తేల్చకుండానే ముగిసింది.

అసలు మీ మీద ఇరుగుపొరుగుకి ఉన్న ప్రేమ చూస్తేనే ఇంట్లోవాళ్ళకి అనుమానం రావాల్సింది. 1720 నుంచీ పక్క రాజ్యాలు తమలో తాము ఒప్పందాలు రాసుకున్నాయి, పోలండ్ పాత ‘స్వేచ్ఛలకు’ ఏ లోటూ రానివ్వమని. 1768లో రష్యా మహారాణి కాథరిన్ ఏకంగా గ్యారంటీ ఇచ్చి మరీ మిమ్మల్ని రాజ్యాంగంలో కూర్చోబెట్టింది. దానికి ముందు ఏడాది, ఆ ఏర్పాట్లకి ఎదురు తిరిగినవాళ్ళను ఇద్దరు బిషప్పులతో సహా రష్యా రాయబారి రెప్నిన్ వార్సాలోనే అరెస్టు చేయించి రష్యాలోని కలూగాకి పంపించాడు. ‘వద్దు’ అనే హక్కుని కాపాడ్డానికి, వద్దన్నవాళ్ళని జైల్లో పెట్టాడన్నమాట. తమరు అప్పుడెక్కడున్నారో!

అన్నీ తిట్లే రాస్తే పాపం తగులుతుంది. మీరు పుట్టిన కడుపు మంచిదే. 1505లో రదోమ్‌లో జరిగిన సభలో, మా ఒప్పుదల లేకుండా కొత్త చట్టమేదీ కుదరదని రాజుగారి చేత అనిపించుకున్నారు. ఒకటో చార్లెస్ పదకొండేళ్ళు పార్లమెంటు ఊసే లేకుండా ఇంగ్లండ్‌ని ఏలాడు. ఫ్రాన్సు రాజులు 1614లో ఇంటికి పంపిన సభని మళ్ళీ 1789లో గానీ పిలవలేదు. అలాంటి కాలంలో ఇక్కడ రెండేళ్ళకోసారి సభ పెట్టి తీరాలని రాజు చేత రాయించుకున్నారు. రాజునే ఎన్నుకున్నారు. వార్సా పక్కన వోలా మైదానంలో గుర్రాలెక్కి వచ్చి మరీ ఎన్నుకున్నారు. జిల్లా సభ ఇచ్చిన ఆదేశం మోసుకొచ్చిన ఒక్క మనిషి, రాజు ముందు నిలబడి కుదరదు అనగలగడం ఊళ్ళో కరణానికి కూడా ఎదురు చెప్పలేని ఏ సమాజానికైనా అసూయ పుట్టించే సంగతే. ఆ మనిషి కులీనుడే అయ్యుండాలి లెండి. వాళ్ళ పొలాలు దున్నే జనం ‘వద్దు’ అంటే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే నా కోపం సభలు చెడగొట్టినందుకు కాదు. అసలు విషయానికొస్తాను.

1717 ఫిబ్రవరి 1. చుట్టూ రష్యా సైనికులు, లోపల సెయ్మ్. ఎక్కడ ఎవరు తమరి పేరెత్తుతారోనని భయపడి, ఏ ప్రతినిధికీ మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు. చదివారు, విన్నారు, ఒక్క రోజులో ముగించారు. ఆ రోజుకి ‘మూగ సెయ్మ్’ అని పేరు. అంత పెద్ద రాజ్యానికి సైన్యం 24,000 మందికి మించకూడదని ఆ పూటే తేలిపోయింది. ఎన్నో రెట్లు పెద్ద సైన్యంతో రష్యా పక్కింట్లోనే ఉంది. ఆ పూట తమరు నోరు విప్పలేదు. సరే, మొదటిసారి కదా, మొహమాటం అనుకుందాం.

1773 ఏప్రిల్. అంతకు ముందు ఏడాదే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కూర్చుని మ్యాపు మీద గీతలు గీసేశాయి. దేశంలో సుమారు మూడోవంతు పోయింది. ఇక కావలసింది ఆ దోపిడీకి సెయ్మ్ ముద్ర. ఒక్కడంటే ఒక్కడు ‘ఒప్పుకోను’ అంటే చాలు, ఆ ముద్ర పడదు. నూట ఇరవై ఏళ్ళుగా తమరు దేనికోసం ఉన్నారో ఆ రోజు వచ్చింది. మరి ఏమైంది? కాన్ఫెడరేషన్ అనే పాత ఏర్పాటు ఒకటుంది. ఆ పేరుతో సభ జరిపితే మెజారిటీదే మాట, వీటో చెల్లదు. రష్యా జీతగాడు ఆదామ్ పోనిన్‌స్కీ ఆ సంగతి ముందే చూసుకుని, సభని కాన్ఫెడరేషన్‌గా ప్రకటించి తానే అధ్యక్షుడయ్యాడు. పన్నులు ఆపడానికి, సైన్యాన్ని ఆపడానికి, గిట్టనివాడి మీద కసి తీర్చుకోవడానికి పనికొచ్చిన మీరు, దేశాన్ని ముక్కలు చేస్తుంటే మాత్రం రూల్స్ ఒప్పుకోవని గడప బయటే ఆగిపోయారు.

మీరు లేకపోతే ఏం, మనిషి ఉన్నాడు. నొవొగ్రూదెక్ ప్రతినిధి తదేఉష్ రేయ్తాన్. చట్టంలో దారి మూసేస్తే గుమ్మానికి అడ్డంగా పడ్డాడు. రాజుగారి కోటకి వెళ్తే ఆ దృశ్యాన్ని యాన్ మతేయ్‌కో 1866లో వేసిన పెద్ద బొమ్మ కనిపిస్తుంది. తలుపు దగ్గర నేల మీద రేయ్తాన్, చొక్కా చింపుకుని ఛాతీ చూపిస్తూ, ముందు నన్ను తొక్కండి అన్నట్టు. ఎర్ర దుస్తుల్లో పోనిన్‌స్కీ చెయ్యి చాపి తలుపు చూపిస్తున్నాడు. తలుపు సందులోంచి రష్యన్ సైనికులు. బోర్లాపడ్డ కుర్చీ, నేల మీద దొర్లిన నాణేలు. ఇంతమందినీ గోడ మీద పటంలోంచి కాథరిన్ చూస్తోంది. కళ్ళు దాచుకున్నవాళ్ళు, తల తిప్పుకున్నవాళ్ళు, అందరూ ఉన్నారు బొమ్మలో. నువ్వు లేవు.

అవును, నువ్వే. ఇంక మీరు, తమరు నా వల్ల కాదు. ఎవడో ప్రభువు చెయ్యి తడిపితే పరుగెత్తుకొచ్చే నీకు, ఆ రోజు కాళ్ళు పడిపోయాయా? ఒక్కడికి ఉన్న హక్కు అని కదా నీ గొప్ప. అదిగో ఆ ఒక్కడు, నేల మీద పడి ఉన్నాడు. అంతకంటే పనికొచ్చే ఒక్కడు నీకు ఎక్కడ దొరుకుతాడు? సభ ఆగలేదు. సెప్టెంబరు 30కల్లా పంపకానికి ముద్ర పడింది. ఆ బొమ్మని తర్వాత ఎవరు కొన్నారో తెలుసా? ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్. పంచుకున్న ముగ్గురిలో ఒకరి వారసుడు. మళ్ళీ ఈ దేశానికి చేరింది 1920లో.

పోనీ అక్కడితో బుద్ధొచ్చిందా! 1791 మే 3న నిన్ను రద్దు చేస్తూ రాజ్యాంగం రాశారు. ఈస్టరుకి ఊళ్ళకి వెళ్ళిన ప్రతినిధులు చాలామంది ఇంకా రాకముందే, గబగబా. సభలో నీ భక్తుడొకడు, కాలిష్ ప్రతినిధి సుఖోజెవ్‌స్కీ, తన చిన్న కొడుకుని వెంటపెట్టుకొచ్చి, ఈ బానిసత్వం చూడకుండా వీణ్ణి ఇక్కడే చంపేస్తానన్నాడు. పిల్లాడు బతికిపోయాడు, నువ్వు పోయావు. ఏడాది తిరిగేసరికి, ఆ రాజ్యాంగం గిట్టని ప్రభువుల తర్గొవిత్సా ముఠా రష్యా సైన్యాన్ని వెంటేసుకొచ్చి పాత స్వేచ్ఛలంటూ ఆ రాజ్యాంగాన్ని తిరగదోడింది.

1793 సెప్టెంబరు, గ్రోద్నో. రెండో పంపకం. మళ్ళీ చుట్టూ సైనికులు. ప్రష్యాకి ఇవ్వాల్సింది ఇస్తూ సంతకం పెట్టాలి. లోపల ప్రతినిధులు నిరసనగా నోరు మూసుకుని కూర్చున్నారు, అర్ధరాత్రి దాటేదాకా. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు సగంతో సరిపెట్టుకున్నారు. అక్కడ అంక్విచ్ అనే పెద్దమనిషి, మౌనమంటే పూర్తి అంగీకారమే అన్నాడు. అధ్యక్షుడు అడిగాడు, ఎవరూ పలకలేదు, ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు రాసుకున్నారు. ఏకగ్రీవం! నీ జన్మంతా దేనికోసం అంగలార్చావో అది దొరికింది చూడు. మరుసటి ఏడాది వార్సాలో తిరుగుబాటు లేస్తే జనం ఎదుట అంక్విచ్‌ని ఉరి తీశారు. 1795కల్లా దేశమే లేదు. తిరిగి రావడానికి 123 ఏళ్ళు పట్టింది.

సరే, కాస్త మంచినీళ్ళు తాగొచ్చాను. మళ్ళీ మర్యాదగానే రాస్తాను.

తమరు ఇప్పుడు యూరోపియన్ యూనియన్ కొలువుండే బ్రస్సెల్స్‌లో కాపురం పెట్టారని వింటున్నాం. 1965లో ఫ్రాన్సు అక్కడి సమావేశాల్లో నెలల తరబడి తన కుర్చీ ఖాళీగా ఉంచి బెదిరించినప్పుడు అద్దెకి దిగారట. 2016లో కెనడాతో వాణిజ్య ఒప్పందాన్ని బెల్జియంలోని ఒక్క వలోనియా ప్రాంతం ఆపినప్పుడు మీ గొంతు గుర్తుపట్టాం. 2020 నవంబరులో హంగరీతో కలిసి యూరప్ బడ్జెట్‌ని ఆపింది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ పోలండ్ ప్రభుత్వం! మిమ్మల్ని అంత దగ్గరగా చూసి, అంత మూల్యం చెల్లించుకున్న ఇల్లే మళ్ళీ మిమ్మల్ని పిలిచి పీట వేసింది. విదేశాంగ విషయాల్లో 27 దేశాలూ ఒక్క మాట మీద ఉండాలనే రూలు ఉన్నంతకాలం మీకు అక్కడ భోజనానికి లోటుండదు.

ఇక మా విన్నపం. మా గ్రూపులో రూలు మార్చబోతున్నాం, సగం మంది కంటే ఒక్కరు ఎక్కువ సరేనంటే చాలు. రూలు మార్చడానికి కూడా అందరూ ఒప్పుకోవాలట. ఆ ‘నాకు ఓకే కాదు’ గారు ఇంకా ఫోన్ ఎత్తలేదు. కాబట్టి కాన్ఫెడరేషన్ ప్రకటిస్తున్నాం. పోనిన్‌స్కీ పద్ధతే, కాకపోతే ఇక్కడ పంచుకునేది పులిహోర.

అభ్యంతరముంటే, మాయమైపోకుండా కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు. తమరికి అలవాటైన ఆరు వారాల గడువే ఇస్తున్నాం. పొడిగింపు ఉండదు.

ఇట్లు,
వార్సాలో హాలు వెతుక్కుంటున్న ఒక తెలుగువాడు