పేరుకు చోటు లేదు సార్

పోయిన నెల మా ఊళ్లో బాలసాహిత్య వైభవం మీద సభ జరిగింది. వైభవం అంటే మాటలు కాదు, ఇరవై అడుగుల ఫ్లెక్సీ. సాహిత్యాన్ని అడుగుల్లో కొలిచే రోజులొచ్చాయి కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

ఆ ఫ్లెక్సీని కాస్త వర్ణించనివ్వండి. మధ్యలో ఎమ్మెల్యేగారు నమస్కారం పెడుతున్నారు. ఆయన పక్కన రియల్ ఎస్టేట్ దాతగారు సెల్‌ఫోన్ చెవిన పెట్టుకుని ఎటో చూస్తున్నారు. బాలసాహిత్యానికి సంబంధించిన అత్యవసర కాలే అయ్యుంటుంది. కింది వరసలో దాతగారి పుత్రరత్నం, నల్ల కళ్లద్దాలతో. పైన మూలన దండ వేసిన తాతగారు. వీళ్లందరి కాళ్ల దగ్గర, నెట్‌లోంచి దింపిన విక్రమార్కుడు. ఆయన భుజం మీద శవం ఉండాల్సిన చోట క్యాటరింగ్ వాళ్ల ఫోన్ నంబరు.

సభాంశం: చందమామ మాసపత్రిక సీరియళ్లు, మన బాల్యం.

నాకు ఊరుకోవడం చేతకాదు. నిర్వాహకుడికి ఫోన్ చేసి, "ఆ సీరియళ్లు రాసిన దాసరిగారి పేరు ఒక్కటి వేయించండి" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, "దాసరి నారాయణరావుగారు సీరియళ్లు కూడా రాశారాండీ?" అని భక్తిగా అడిగాడు. కాదండీ, దాసరి సుబ్రహ్మణ్యం అన్నాను. "ఆయనెవరు? అవి చందమామ రాసిందే కదండీ!"

నిజమే. చందమామ రాసింది. వెన్నెల కురిసే రాత్రి ఆకాశం నుంచి దిగొచ్చి, మద్రాసు వడపళనిలో బల్ల ముందు కూర్చుని, నిబ్బులో సిరా పోసుకుని రాసింది.

పంతం కొద్దీ ఫ్లెక్సీ షాపుకే వెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్లుంటాయి. స్క్రీన్ మీద ఎమ్మెల్యేగారి బుగ్గలకు రంగు పెంచుతున్నాడు. విషయం చెప్పాను. ఫ్లెక్సీని పెద్దది చేసి, చిన్నది చేసి, అటూ ఇటూ జరిపి చూపించి, "పద్నాలుగు ఫోటోలు సార్. పేరుకు చోటు లేదు. మరీ కావాలంటే ఈ చిన్నోడి కళ్లద్దాల మీద వేస్తా" అన్నాడు.

ఆలోచించాను. కుర్రాడు చెప్పిందే సంప్రదాయం. దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చందమామలో చేరాడు, 2006 దాకా ఉన్నాడు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 1978 దాకా డజను జానపద సీరియళ్లు రాశాడు. మకర దేవత, కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం, మాయా సరోవరం, భల్లూక మాంత్రికుడు. చదువుతుంటేనే మీలో కొంతమందికి ఒళ్లు జలదరించి ఉంటుంది. ఆ సీరియళ్లు వస్తున్నన్నాళ్లూ వాటి మీద ఆయన పేరు లేదు. పత్రిక పద్ధతి అది. లోపలివాళ్లు రాసిన వాటికి పేరుండదు. పత్రిక బాధ్యతంతా మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరే సంపాదకుడిగా వేయలేదు, ఇక ఈయనదెవరు వేస్తారు? బొమ్మలేసిన చిత్రా సంతకం మాత్రం బొమ్మ మూలన ఉండేది. అక్షరాలకు మూల ఉండదు కాబట్టి రచయిత సంతకం కుదరలేదనుకుంటాను.

పైగా ఆ కథలు తెలుగుతో ఆగలేదు. హిందీకి, తమిళానికి, కన్నడానికి, మరాఠీకి వెళ్లాయి. అన్ని భాషల్లోనూ ఆయన పేరు లేదు. అజ్ఞాతవాసంలో పాండవులు కూడా ఒక్క విరాట రాజ్యంతోనే సరిపెట్టుకున్నారు.

సభ అద్భుతంగా జరిగింది. మొదటి వక్త, తనకు చందమామ అంటే ప్రాణమని చెప్పి, విక్రమ్ భేతాళ్ గురించి ముప్పావు గంట మాట్లాడాడు. రెండో వక్త, అందులో షాడో అనే గూఢచారి కథలు తనకు బాగా ఇష్టమన్నాడు. షాడో మధుబాబుగారి నవలల్లోవాడని ముందు వరసలో ఎవరో గొణిగారు. "ఏదైనా చందమామ చందమామే" అని వక్త ఆ గొణుగుడును క్షమించేశాడు. మూడో ఆయన విశ్రాంత ఆచార్యుడు. ఇలాంటివి చదివించే గుణం ఉన్న రచనలే గానీ సాహిత్యం కావని తేల్చాడు. చదివించే గుణం ఎంత నీచమైనదో ఆయన సిద్ధాంత గ్రంథం పుచ్చుకున్న ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. ఆ దుర్గుణం అందులో మచ్చుకైనా లేదు.

ఈ రకం ఆచార్యులే ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలల్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివారు. డిటెక్టివ్ యుగంధర్ ఎక్కడ కారు ఆపాడో, అసిస్టెంట్ రాజు ఎవరి వెంటపడ్డాడో ఇప్పటికీ వరసగా చెప్పగలరు. మైకు ఇస్తే మాత్రం "మేము అలాంటివి ముట్టుకునేవాళ్లం కాదు" అంటారు.

అసలు ఆ చందమామ సీరియళ్లలో ఏముందో ఒక్క నెల ముక్క చూద్దాం. తోకచుక్క తీసుకోండి. కుండలినీ ద్వీపం, సేనాని సమరసేనుడు. చతుర్నేత్రుడనే మాంత్రికుడు ఒకవైపు, ఏకాక్షి ఇంకోవైపు. ఒకడికి నాలుగు కళ్లు, ఒకడికి ఒకటే. మధ్యలో రెండు కళ్లున్న మామూలు మనిషి సమరసేనుడు, ఎవర్ని నమ్మాలో తెలియక. ఒక మాంత్రికుడి దగ్గర నరవానరం, గుడ్లగూబ. రెండోవాడి దగ్గర కాలసర్పం, కపాలం. కొన్ని పేజీల్లో పోయిన నెల ఆపద దాటించాలి, కథ ఒక అడుగు ముందుకు జరగాలి, చివరి పేజీలో ఇంకో ఆపదలో దింపి 'ఇంకా వుంది' అని ఆపాలి. ఎక్కడా వర్ణనల ఊబి లేదు, నీతిబోధ లేదు, పెద్ద మాట ఒక్కటి లేదు. నాలుగో తరగతి పిల్లాడు కూడబలుక్కుని చదువుతాడు, వాడి తాత కళ్లజోడు వెతుక్కుని చదువుతాడు. ఇలా రెండు డజన్ల ఏళ్లు. ఒక్క అధ్యాయం ఇలా రాసి చూడమనండి ఆ ఆచార్యుణ్ణి. గుడ్లగూబ మొదటి పేరాలోనే నిద్రపోతుంది.

మళ్లీ సభకొద్దాం, భోజనాల ముందు ఒక ఘట్టం మిగిలిపోయింది. దాతగారిని సన్మానించారు. శాలువా, కిరీటం, వెండి పెన్ను. ఆ పెన్నుతో ఆయన గతంలో చెక్కుల మీద సంతకాలు తప్ప ఏం రాశాడని అడక్కండి. నిర్వాహకుడు అప్పుడు నా పోరు గుర్తొచ్చి, మైకులో, "ఈ సందర్భంగా చందమామ సీరియళ్లు రాసిన... రాసిన..." అని ఆగి, చీటీ కోసం జేబులన్నీ వెతికి, దొరక్క, "మహానుభావులందరికీ వందనాలు" అన్నాడు. త్యాగరాజస్వామి ఆదుకున్నాడు. చప్పట్లు. పెరుగన్నం.

బయట వరండాలో నాలుగైదుగురు నా చుట్టూ చేరారు. అందరూ అరవై దాటినవాళ్లు, అందరికీ కళ్లు చెమర్చాయి. భల్లూక మాంత్రికుడి కోసం పోస్ట్‌మ్యాన్‌కు ఎదురెళ్లిన రోజులు చెప్పారు. విని నాకూ గొంతు పట్టుకుంది. అప్పుడు వాళ్లలో ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "అవన్నీ పీడీఎఫ్ ఉన్నాయా మీ దగ్గర?" అన్నాడు.

ఇక్కడ నేను నవ్వాలి. వ్యంగ్యం రాసేవాడు ఇక్కడ ఒక చమత్కారం వేసి దాటేయాలి. నాకు రావడం లేదు. అమెరికాలో పిల్లలు, ఊళ్లో మూడంతస్తుల ఇల్లు, చేతిలో లక్ష రూపాయల ఫోన్. బాల్యానికి విలువ కట్టలేమంటారు, అందుకే కాబోలు కట్టరు. ఆ దాసరి సుబ్రహ్మణ్యం 2010 జనవరి దాకా బతికే ఉన్నాడయ్యా. విజయవాడలోనే పోయాడు. మీరంతా అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడిన పెద్దమనుషులు. మీ బాల్యం మొత్తం ఎవరి జీతం రాళ్ల మీద నడిచిందో ఒక్కసారి, ఒక్కసారి కూడా అడగాలనిపించలేదా? హీరోగారి మనవడికి అన్నప్రాసన ఎప్పుడో చెప్తారు. మీ చేత మొదటి పుస్తకం చదివించినవాడి పేరు చెప్పరు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియకపోవడాన్ని శాలువా కప్పి వేదిక ఎక్కిస్తున్నారే, అది కడుపు మండిస్తుంది.

పత్రికను 2007లో ఒక ముంబై కంపెనీ కొంది, 2013 నాటికి ఆగిపోయింది. ఆగిపోయినప్పుడు ఇదే పెద్దమనుషులు ఫేస్‌బుక్‌లో కన్నీళ్లు పెట్టుకున్నారు. చివరి పదేళ్లలో చందా కట్టింది ఎంతమంది అంటే, అదిగో, మళ్లీ చేదు మాటలు మాట్లాడుతున్నాను. వాళ్ల మనవళ్లకు చందా కట్టే తీరిక ఎక్కడిది? ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్. "మా వాడికి తెలుగు చదవడం రాదండీ" అంటారు, రాకపోవడానికి కూడా ర్యాంకు వచ్చినట్టు. పదమూడేళ్లవాడు ఒక గుహలో దూరి, తప్పిపోయి, భయపడి, బయటికి రావడానికి తెలుగులో ఇవాళ కొత్తగా రాస్తున్నదెవరు? రాస్తే అచ్చేసేదెవరు? అచ్చేస్తే ఎక్కడ కొంటారు, వడ్డించిన విస్తరి కూడా పీడీఎఫ్‌లో కావాలనేవాళ్లు?

సరే. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

ఫ్లెక్సీ షాపులో జరిగింది ఒకటి చెప్పడం మరిచాను. ప్రింటు అయ్యేలోపు ఖాళీగా కూర్చోలేక ఆ కుర్రాడికి ఏకాక్షి గురించి చెప్పాను. కపాలం మాట్లాడటం, నరవానరం, అడవిలో తోవ తప్పిన సైనికులు. ఎమ్మెల్యేగారి బుగ్గ మీద మౌస్ అలాగే ఆగిపోయింది. "తర్వాత?" అన్నాడు. చెప్పాను. "తర్వాత?" అన్నాడు మళ్లీ. వెనక మిషన్ బీప్ బీప్ అంటున్నా లేవలేదు. చివరికి ఓనరొచ్చి తిట్టాడు.

సభ అయిన రాత్రి పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. తెల్లారేసరికి ఇంకో ఫ్లెక్సీ ఇవ్వాలట, ఎవరిదో ఓణీల ఫంక్షన్, మేలుకుని ఉన్నాడట.

"సార్, ఆ ఏకాక్షి కథ పీడీఎఫ్ ఏమన్నా ఉంటే పెడతారా?"

పెట్టాను.