తలుపు వెనక మేకుకి వేలాడుతున్న సంచి గారికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

మహారాజశ్రీ కూరగాయల సంచి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మేకుకి వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా ఉత్తరం అన్నాక అడగాలి కదా.

మా బావమరిది పెళ్ళిలో ఒక కొబ్బరికాయ, రెండు అరటిపళ్ళు, వక్కల పొట్లంతో మా ఇంటికొచ్చారు మీరు. మీ మీద అచ్చేసిన పెళ్ళికొడుకు పేరు ఉతుకుల్లో పోయింది, పెళ్ళికూతురి పేరు మాత్రం ఇంకా చెక్కు చెదరలేదు. ఆ కాపురంలో జరిగిందీ అదేనని మా అత్తగారి బాధ. ఏళ్ళ తరబడి మిమ్మల్ని నేను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఆఫీసుకి వెళ్ళే మనిషి సంచి పట్టుకోవడం ఏమిటని!

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి మేడెక్కి, కంచం మీద గరిటెతో వాయించి, దేశానికి నేను చేయాల్సింది అయిపోయిందనుకున్నాను. మూడు రోజులకి లాక్‌డౌన్. సరిగ్గా ఉగాది నాడు. కొత్త సంవత్సరం పేరు శార్వరి, అంటే రాత్రి. ఆ ఏడు పంచాంగంలో నిజమైన ముక్క అదొక్కటే. 21 రోజులన్నారు, పెంచుకుంటూ పోయి మే నెలాఖరు దాకా లాగారు. మొత్తం 68 రోజులు.

ఆ 68 రోజులూ మీ దశ తిరిగింది సార్. ఆధార్ కార్డుకి కదలని లాఠీ మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకునేది. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుని పోగేసి పేకాట ఆడితే 24 మందికి కరోనా అంటుకుందని కలెక్టరు గారు చెప్పాక మా అపార్టుమెంటులో సెల్లారు పేకాట కూడా బందైంది. ఇక గేటు దాటాలంటే మీరే దిక్కు. నేనూ, మా నాన్నా, ఇంటరు చదివే మావాడూ మీ కోసం కొట్టుకున్నంత పని చేశాం.

చివరికి నేనే గెలిచాను. ఎలాగంటే, త్యాగం చేసి. "నీకెందుకు రిస్కు, ఏదైనా అయితే నాకే అవుతుంది" అన్నాను మా ఆవిడతో. మాస్కు కట్టి, హెల్మెట్ పెట్టాను. (నడిచి వెళ్ళేవాడికి హెల్మెట్ ఎందుకని అడక్కండి, ఆ రోజులు అలాంటివి.) మా ఆవిడ మిమ్మల్ని నా చేతికిచ్చింది గానీ, ఒక్క క్షణం వదల్లేదు. మీ కాడలకి గుర్తుండే ఉంటుంది.

నాలుగో రోజు సెంటర్లో కానిస్టేబుల్ ఆపి, మీ నోరు తెరిపించి లోపలికి చూశాడు.

"పొద్దున వచ్చినప్పుడు నిమ్మకాయ. ఇప్పుడు కరివేపాకు. మళ్ళీ దేనికొస్తారు సార్, ఉప్పుకా?"

"వంటింటి అవసరాలు మీకేం తెలుసండీ" అన్నాను. నాకు తెలిసినట్టు!

ఆ సంగతి రైతుబజారులో బయటపడింది. నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు, ఒక్కో గుండ్రంలో ఒక్కో మొగుడు. బెండకాయ తోక విరిచి చూడబోతే "ముట్టుకోవద్దు!" అని నలుగురు ఒక్కసారే అరిచారు. చేసేదేముంది, ముదురు బెండకాయలే తెచ్చాను. దోసకాయ చివర కోయించి నాలిక్కి తగిలించి చూడాలట, మాస్కు లోంచి ఎలాగ? మూడు తెస్తే మూడూ చేదే. మావాడు పప్పు నోట్లో పెట్టుకుని, "నాన్నా, ఉగాది అయిపోయింది కదా" అన్నాడు.

ఇదంతా మీకు తెలిసిందే. అసలు రాయాలనుకున్నది వేరే.

ఆకుకూరలమ్మే ఒకావిడ నన్ను కేకేసి పిలిచింది. "అమ్మగారు రాలేదేం బాబూ?" నేను ఫలానా అని ఎలా తెలిసిందంటే మిమ్మల్ని చూపించింది. "సంచి గుర్తుపట్టా. మోకాలి నొప్పి తగ్గిందా అమ్మగారికి?"

"ఎవరి మోకాలు?" అన్నాను.

ఇంటికొచ్చి మిమ్మల్ని బాల్కనీలో ఎండకి ఆరేసి, తోటకూర ఉప్పునీళ్ళలో ముంచుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. ధర అడుగుతుందనుకున్నాను. "వాళ్ళమ్మాయికి కాన్పయిందా? ఆడపిల్లా మగపిల్లాడా?" అంది. నేను అడగలేదు. అడగాలని తెలీదు.

రోజూ ఓ గంట మిమ్మల్ని పట్టుకుని ఆవిడ వెళ్తున్నది కూరగాయలకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అందరికీ లాక్‌డౌన్ ప్రభుత్వం పెడితే, మా ఆవిడకి మాత్రం నేను పెట్టాను. పెట్టి, దానికి త్యాగమని పేరు పెట్టాను. పోనీ అంతా తెలిశాక మర్నాడైనా మిమ్మల్ని ఆవిడ చేతికిచ్చానా? లేదు. మర్నాడూ నేనే వెళ్ళాను. నాకూ ఆ గేటు దాటడం కావాలి కదా. మనవరాలట, ఆ కబురు మాత్రం మోసుకొచ్చాను.

మా జాతి మొత్తం అంతే లెండి. మే 4న మద్యం షాపులు తెరిస్తే, రెండు రోజుల్లో 75 శాతం ధర పెంచినా, మీలాంటి సంచులు పట్టుకుని ఎర్రటెండలో కిలోమీటరు క్యూ కట్టిన కర్తవ్యపరాయణులం.

ఇప్పుడు నా ఫోన్లో యాప్ ఉంది. పది నిమిషాల్లో బెండకాయలు గుమ్మంలోకి వస్తాయి, అదీ లేతవి. "ఇక నువ్వు బజారుకి వెళ్ళక్కర్లేదు" అని మొన్న మా ఆవిడతో గొప్పగా చెప్పాను. ఆవిడేమీ అనలేదు. మేకు మీంచి మిమ్మల్ని తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళింది.

ఆరింటికి వెళ్ళిన మనిషి ఎనిమిదింటికి వచ్చింది. మళ్ళీ మేకుకి తగిలించాక, ఎవరూ చూడకుండా మీలోకి తొంగి చూశాను. అడుగున ఒక్క కరివేపాకు రెమ్మ.

ఇట్లు,
తమ మాజీ మోతగాడు