పన్నెండు ఎపిసోడ్లు చాలు బాసూ

పది సీజన్లు లేకపోతే అది షోనే కాదు అనుకునే బ్యాచ్ ఒకటి అందరి ఫ్రెండ్ సర్కిల్లోనూ ఉంటుంది. "మూడో సీజన్లోనే ఉన్నావా, ఐదు దాకా ఓపిక పట్టు మామా, అక్కణ్ణుంచి కుమ్మేస్తది" అంటారు. ఐదో సీజన్ దాకా ఓపిక పట్టడానికి నేనేమన్నా సివిల్స్‌కి ప్రిపేరవుతున్నానా? వాళ్ళందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా. నేను చూసిన టీవీ కామెడీలో బెస్ట్ అంతా బ్రిటన్ వాళ్ళదే, అందులోనూ బెస్ట్ అనిపించినవి ఒకట్రెండు ఆదివారాలు కూర్చుంటే అయిపోయేవే. కొంచెం తీశారు, బాగున్నప్పుడే ఆపేశారు. ఎక్కడ ఆశపడి సాగదీశారో అక్కడ వాళ్ళు కూడా మనలాగే దొరికిపోయారు, ఆ సంగతీ చెప్తా.

మిస్టర్ బీన్‌తో మొదలెడదాం, ఎందుకంటే అది తెలియని తెలుగు ఇల్లు దాదాపు లేదు. పోగోలో ఎప్పుడు పెట్టినా వస్తుండేది, అందుకే ఎన్ని ఎపిసోడ్లుంటాయని ఎవర్ని అడిగినా వందో రెండొందలో అంటారు. కార్టూన్ పక్కన పెడితే రోవన్ అట్కిన్సన్ స్వయంగా నటించినవి మొత్తం 15 అంతే! 1990 జనవరి 1న మొదలైంది, 1995కల్లా దుకాణం కట్టేశారు. ఆ 15నే వాళ్ళు తిప్పి తిప్పి వేశారు, మనం తిప్పి తిప్పి చూశాం. మా అమ్మమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, అయినా మొదటి ఎపిసోడ్లో పరీక్ష సీన్ వస్తే వంటింట్లోంచి వచ్చి నిలబడేది. బల్ల మీద డజను పెన్నులు, ఒక బొమ్మ పోలీసు, పక్కనే పింక్ పాంథర్ బొమ్మ, అన్నీ పద్ధతిగా సర్దుకుంటాడు. చదివిందేమో ట్రిగనోమెట్రీ. కవర్ తెరిస్తే కాల్‌క్యులస్. ఇక అక్కణ్ణుంచి పక్కోడి పేపర్లోకి తొంగిచూడ్డానికి వాడు పడే పాట్లు, మెడ సాగదీయడాలు, ఇంటర్లో కార్పొరేట్ కాలేజీ వీకెండ్ టెస్టులు రాసినోళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. టైమ్ అయిపోయాక తెలుస్తుంది, ట్రిగనోమెట్రీ పేపర్ కూడా అదే కవర్లో ఉందని. అమ్మమ్మ ప్రతిసారీ "అయ్యో వెర్రినాయనా, లోపల చూసుకోరా" అని టీవీకి చెప్పేది.

తర్వాత మాస్టర్స్ అని ఇంగ్లండ్‌లో లెస్టర్ వచ్చి పడ్డా. పగలు క్లాసులు, రాత్రి ఒక ఇండియన్ రెస్టారెంట్లో పార్ట్‌టైమ్. రూమ్మేట్ గుంటూరోడు. చేతిలో డబ్బుల్లేవు, చారిటీ షాపుల్లో మాత్రం పాత డీవీడీలు చిల్లరకి వచ్చేవి, అలా దొరికింది ఫాల్టీ టవర్స్. మావాడు మొదటి రోజు "ఈ ముసలి హోటల్ గోలేంట్రా" అని దుప్పటి కప్పుకున్నాడు. తెల్లారుజామున సీన్ ఇది:

"ఏరా, ఇంకోటి పెట్టు."

"అయిపోయాయి రా."

"రెండో బాక్స్ తేరా మరి."

"రెండో బాక్స్ లేదు. మొత్తం పన్నెండే."

వాడి మొహం చూడాలి అప్పుడు, పెళ్ళి భోజనంలో గడ్డపెరుగు వడ్డించకుండానే విస్తరి లాగేసినట్టు పెట్టాడు.

నిజంగానే పన్నెండే. 1975లో ఆరు, 1979లో ఆరు. రాసింది ఇద్దరే, జాన్ క్లీజ్, అప్పటి ఆయన భార్య కోనీ బూత్. రెండో ఆరు వచ్చేసరికి వాళ్ళకి విడాకులు కూడా అయిపోయాయి, అయినా కలిసి కూర్చుని రాశారు, ఇద్దరూ నటించారు. కథ పుట్టింది కూడా నిజం హోటల్లోనే. క్లీజ్ ఉన్న మాంటీ పైథాన్ అనే కామెడీ గ్యాంగ్ షూటింగ్ కోసం టార్కీ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో దిగారట, ఆ హోటల్ ఓనరు టెర్రీ గిలియమ్ ఫోర్కు పట్టుకునే తీరు బాలేదని క్లాసు పీకాడట, ఎరిక్ ఐడిల్ బ్యాగులోంచి గడియారం టిక్కుటిక్కు వినపడితే బాంబనుకుని బయట పెట్టించాడట. మిగతావాళ్ళు ఇంకో హోటల్ చూసుకుని పోయారు, క్లీజ్ మాత్రం అక్కడే ఉండిపోయి ఆ ఓనర్ని చూస్తూ కూర్చున్నాడు. అదీ రైటరంటే.

అందులో కారుని కొట్టే సీన్ ఒకటుంది. పెద్దమనుషుల్ని డిన్నర్‌కి పిలిచాడు హోటల్ ఓనరు బేసిల్, అంటే మన క్లీజే, వంటవాడేమో తాగి పడిపోయాడు, వేరే రెస్టారెంట్ నించి బాతు వంటకం పట్టుకుని పరుగున వస్తుంటే నడిరోడ్డు మీద కారు ఆగిపోతుంది. ముందు కారుని బతిమాలతాడు, తర్వాత బెదిరిస్తాడు, మూడు లెక్కపెడతానంటాడు, లెక్కపెడతాడు కూడా. కారు కదలదు. "ఇక చాలు" అన్నట్టు దిగి ఫ్రేమ్‌లోంచి బయటికి వెళ్ళిపోతాడు, మనకి ఖాళీ రోడ్డూ ఆగిపోయిన కారూ మాత్రం కనపడుతుంటాయి, ఇప్పుడేం చేస్తాడ్రా అనుకునే లోపు ఇంత చెట్టుకొమ్మ విరుచుకొచ్చి కారుని బాదడం మొదలెడతాడు. కెమెరా దగ్గరికి రాదు, మ్యూజిక్ లేదు, డైరెక్టర్ "ఇక్కడ నవ్వండి" అని ఎక్కడా గిల్లడు. మన దగ్గరైతే ఆ కొమ్మ స్లో మోషన్లో మూడు యాంగిల్స్‌లో వచ్చేది, పక్కన టింగ్ టింగ్ సౌండొకటి.

అలాంటివి ఇంకో యాభై రాయగలడు కదా, ఎందుకు ఆపాడు అంటే కారణం పెద్ద ఫిలాసఫీ ఏం కాదు. అక్కడి పాత సిట్‌కామ్స్ చాలావరకు ఒకరో ఇద్దరో కూర్చుని మొత్తం రాసేవి. అమెరికా వాళ్ళలాగా గదినిండా రైటర్లని పెట్టి ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు దంచే పద్ధతి కాదు. ఇద్దరు మనుషులు ఆరు ఎపిసోడ్లు గట్టిగా రాయగలరు, ఇంకో ఆరుకి సరుకు పోగవ్వాలంటే టైమ్ పడుతుంది. పైగా బీబీసీ జనం టీవీకి కట్టే లైసెన్స్ ఫీజు మీద నడుస్తుంది, మధ్యలో యాడ్స్ ఉండవు, కాబట్టి హిట్టయింది కదాని వారం వారం పిండాల్సిన తొందర అంత ఉండదు. మన సీరియల్ అలా కాదు, రేటింగున్నంత కాలం చచ్చిన అత్తగారు కూడా ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుని తిరిగొస్తుంది. ది ఆఫీస్ ఒరిజినల్ కూడా అంతే, రెండు సిరీస్‌లు కలిపి పన్నెండు, పైన క్రిస్మస్‌కి ఒక స్పెషల్. అమెరికా వెర్షన్ రెండొందలు దాటింది. బాస్ వెళ్ళిపోయాక వచ్చినవి ఎంతమంది మళ్ళీ చూస్తున్నారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఎస్ మినిస్టర్ గురించి రాయకపోతే మా నాన్న ఊరుకోడు. గవర్నమెంట్ ఆఫీసులో పనిచేసినాయన, ఇంగ్లీష్ సీరియల్ అంటే ఆమడ దూరం, దీనికి మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టించుకుని మరీ చూశాడు. 1980లో మొదలైంది, అందులో మంత్రి ప్రైమ్ మినిస్టర్ అయ్యాక వచ్చినవి కూడా కలిపితే 38. కథంతా ఒకటే, మంత్రిగారు ఏదో చెయ్యాలనుకుంటాడు, సెక్రటరీ సర్ హంఫ్రీ మహా మర్యాదగా చెయ్యనివ్వడు. ఒక ఎపిసోడ్లో కొత్త ఆస్పత్రి ఉంటుంది, అడ్మినిస్ట్రేషన్ స్టాఫ్ ఐదొందల మంది, పేషెంట్లు సున్నా. డాక్టర్లూ నర్సులూ కూడా ఉండరు. మంత్రి నోరెళ్ళబెడితే, దేశంలో చక్కగా నడుస్తున్న ఆస్పత్రుల్లో ఇదొకటి అని వాదిస్తారు ఆఫీసర్లు. మా నాన్న నవ్వలేదు, "ఇందులో జోకేముంది, మా పక్క బిల్డింగే కదా" అన్నాడు. విచిత్రం ఏంటంటే ప్రభుత్వాన్ని అంతలా ఉతికిన షోకి పెద్ద ఫ్యాన్ అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్. 1984లో మంత్రి, సెక్రటరీ వేషాలేసిన ఇద్దరు నటుల్ని పక్కన పెట్టుకుని తనే ఒక స్కిట్ వేసింది కూడా. 2001లో మన ఫారూఖ్ షేక్‌తో హిందీలో జీ మంత్రీజీ అని తీశారు, ఆయన బాగా చేశాడు గానీ ఆ మెత్తటి కత్తి దిగలేదు.

విదేశీయులకి ఇంగ్లీషు నేర్పే క్లాసు మీద కామెడీ, మైండ్ యువర్ లాంగ్వేజ్ సంగతి ఒక్క ముక్కలో. మన పెద్దవాళ్ళకి ప్రాణం, ఈ రోజు చూస్తే సగం జోకులు ఇబ్బందిగా ఉంటాయి, సర్దార్జీ అంటే ఇలాగే, జపానాయన అంటే ఇలాగే అన్నట్టు. 1979లో ఆపేశారు, 1986లో మళ్ళీ లేపారు, ఆ లేపినవి ఎవరికీ గుర్తు లేవు.

దానికి జవాబిచ్చింది గుడ్‌నెస్ గ్రేషస్ మీ. తీసింది అక్కడి మనవాళ్ళే, సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, నీనా వాడియా, కుల్విందర్ ఘీర్. ముందు రేడియోలో వచ్చి 1998లో టీవీకెక్కింది. అందులో ఒక స్కిట్ చూసినప్పుడు నేను సోఫా మీంచి కింద పడ్డా. ఇండియన్స్ గుంపు ఒకటి బాగా తాగేసి ఇంగ్లీష్ రెస్టారెంట్‌కి వస్తారు, వెయిటర్ పేరుని ఖూనీ చేస్తారు, మెనూలో అన్నిటికంటే చప్పటిది ఏది అని అడిగి అదే కావాలని పౌరుషానికి పోతారు, ఇరవైనాలుగు ప్లేట్ల చిప్స్ ఆర్డరిస్తారు. శుక్రవారం రాత్రి పబ్బు మూసేశాక మా రెస్టారెంట్‌కి వచ్చే బ్యాచ్ అచ్చంగా అదే, కాకపోతే రివర్స్‌లో. "హాటెస్ట్ వన్, మేట్" అని టేబుల్ గుద్దేవాళ్ళు, ఫాల్ అనే మంటెక్కించే కూర తెచ్చిపెడితే రెండు ముద్దలకి కళ్ళలోంచీ ముక్కులోంచీ కారేది, మేం లోపల గిన్నెలు కడుగుతూ పందేలు వేసుకునేవాళ్ళం. అదీ 2001కల్లా ముగిసింది.

ఇప్పుడు సాగదీస్తే ఏమవుతుందో చెప్పే కథ. ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్, 1981లో మొదలు. లండన్ పెకమ్‌లో మూడు చక్రాల పసుపు వ్యాన్లో దొంగసరుకు అమ్ముకునే అన్నదమ్ములు, వచ్చే ఏడాది ఈ పాటికి మిలియనీర్లమైపోతాం అని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉంటారు. బార్లో అన్న డెల్‌బాయ్ స్టైలుగా కౌంటర్ మీదికి వాలబోతే అక్కడ అడ్డపలక లేపేసి ఉంటుంది, మనిషి కర్రలాగా పక్కకి పడిపోతాడు. చెయ్యి అడ్డం పెట్టుకోడు, కిందికి చూడడు, అందుకే అంత నవ్వు. 1996 క్రిస్మస్‌కి పాత గడియారం ఒకటి వేలంలో అరవై లక్షల పౌండ్ల పైన పలికి నిజంగానే మిలియనీర్లవుతారు, సూర్యాస్తమయంలోకి నడుచుకుంటూ పోతారు. ఆ ఎపిసోడ్ చూసినవాళ్ళు 2 కోట్ల 43 లక్షలు! దేశంలో ముగ్గురిలో ఒకరికి పైనే. అక్కడితో దండం పెట్టి వదిలెయ్యాలా? 2001లో మళ్ళీ వచ్చారు, ఆ డబ్బంతా షేర్ మార్కెట్లో పోయిందన్నారు, 2003 దాకా ఈడ్చారు. అంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకుని సాగనంపినోళ్ళని మళ్ళీ బస్టాండ్లో బిక్కమొహంతో నిలబెట్టినట్టయింది. నాకు ఇప్పటికీ మంట.

బ్లాకాడర్ అనే షో తీసినవాళ్ళకి ఆ తెలివి ఉంది. ప్రతి ఆరు ఎపిసోడ్లకీ కాలాన్నే మార్చేసి ముందుకి జరిపారు, 1989లో మొదటి ప్రపంచయుద్ధం కందకాల్లో అందర్నీ తుపాకీ గుళ్ళకి ఎదురు పంపి ముగించారు. కామెడీ షో ఆఖరి సీన్లో హీరోతో సహా కందకం దాటి చావులోకి పరిగెత్తడం, అంత ధైర్యం ఎవరికుంది చెప్పండి.

ఆపడం వేరు, చెరిపెయ్యడం వేరు, ఆ పాపం కూడా బీబీసీ ఖాతాలో ఉంది. టేపులు ఖరీదని 60ల్లో 70ల్లో పాతవాటి మీదే కొత్తవి రికార్డు చేసేశారు. సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ పాతవి దాదాపు వంద ఎపిసోడ్లు అలా పోయాయి, పాటల ప్రోగ్రామ్ టాప్ ఆఫ్ ది పాప్స్ తొలి రోజులవి చాలావరకు గల్లంతు. 2013లో నైజీరియాలోని జోస్ అనే ఊళ్ళో ఒక టీవీ స్టేషన్ షెల్ఫుల్లో డాక్టర్ హూ రీళ్ళు బయటపడ్డాయి, ఎప్పుడో ప్రసారానికని పంపినవి. ఇంటి సొమ్ము పొరుగూళ్ళో దొరికింది.

పాటల దగ్గరికొస్తే బీటిల్స్. మొదటి సింగిల్ 1962, విడిపోయింది 1970, మొత్తం మ్యూజిక్కంతా ఆ ఎనిమిదేళ్ళలోనే! జార్జ్ హారిసన్ సితార్ పట్టింది, రిషికేశ్ వచ్చింది అందరికీ తెలుసు. నాకు ఇష్టమైన ముక్క వేరే ఉంది. 1967లో పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ రెండూ ఒకే రికార్డు మీద వదిలితే బ్రిటన్ చార్టులో నంబర్ వన్ కాలేకపోయింది, అడ్డుపడింది ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన రిలీజ్ మీ. ఆయన పుట్టింది మన మద్రాసులో, 1936లో, పెరిగింది నేనున్న లెస్టర్లో. బీటిల్స్‌ని ఆపినోడు మద్రాసోడు అని నేను పబ్బులో చెప్తే ఒక్కడూ నమ్మడు, ఫోన్ తీసి చూపించాల్సిందే.

2023లో, ఎప్పుడో చనిపోయిన బీటిల్ జాన్ లెనన్ పాత క్యాసెట్‌లోంచి గొంతు వేరుచేసి నౌ అండ్ దెన్ వదిలారు, బ్రిటన్లో నంబర్ వన్ కూడా అయింది. విన్నా. బాగుంది. కానీ నాకు అది బీటిల్స్ పాట కాదు, బీటిల్స్ పాత ఫోటో. 1969 జనవరి 30న లండన్లో తమ ఆఫీసు డాబా ఎక్కి, చలిలో, కింద రోడ్డు మీద జనం తలలెత్తి చూస్తుంటే వాయించారు చూడండి, ఇరుగుపొరుగు కంప్లయింట్ చేస్తే పోలీసులు పైకొచ్చేదాకా, నా లెక్కలో కచేరీ అక్కడికి సమాప్తం.

మరి రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ సంగతేంటి, 1962 నించి ఇంకా ఆడుతూనే ఉన్నారు కదా అంటారు. అనండి. కథకి ముగింపు కావాలి, బ్లూస్‌కి అక్కర్లేదు, వీళ్ళకి గురువులైన బ్లూస్ పాటగాళ్ళు కూడా ముసలాళ్ళయ్యేదాకా పాడినోళ్ళే. వాళ్ళ గాయకుడు, 80 ఏళ్ళ జాగర్ 2023లో కొత్త ఆల్బమ్ వేస్తే నాకేం బాధ లేదు, ఇంకో పది వెయ్యమనండి. ఆన్‌లైన్లో వాళ్ళ కచేరీ టికెట్ రేటు చూసి ట్యాబ్ మూసేసి ఫాల్టీ టవర్స్ పెట్టుకున్నా, అది వేరే విషయం.